మోకాలికీ మూరకీ ముడి

రాజాం నుంచి ఒకరు అడిగారు: "మోకాలు, మోచెయ్యి అన్న మాటల్లో కాలు, చెయ్యి తెలుస్తూనే ఉన్నాయి. ముందున్న ఆ 'మో' ఏమిటి? ఒంటి బరువు మోసేది కాబట్టి మోకాలు అని మా పాపకి స్కూల్లో చెప్పారట. నిజమేనా? మోము, మోపు అన్నప్పుడు వచ్చే 'మో' కూడా ఇదేనా?"

నేను విజయనగరంలో డిగ్రీ పిల్లలకి తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. క్లాసులో కూడా ఈ ప్రశ్న ఎవరో ఒకరు వేస్తూనే ఉండేవారు. ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. మోయడానికీ మోకాలికీ ఏ సంబంధమూ లేదు. మోకాలులో 'మో', మోచెయ్యిలో 'మో', పూలకొట్టు దగ్గర మనం అడిగే 'మూర', ఈ మూడూ ఒక్క మూలం నుంచే వచ్చాయి. ఆ మూలానికి అర్థం ఒంట్లో వంగే చోటు, కీలు. మోకాలికీ మూరకీ చుట్టరికం అంటే బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టినట్టు అనిపిస్తుందని తెలుసు. కాస్త ఓపిగ్గా చదవండి, మధ్యలో తమిళం, కన్నడం వస్తాయి.

ముందు ఆ 'మోసే కాలు' సంగతి తేల్చేద్దాం. వినడానికి బాగానే ఉంది, పిల్లలకి గుర్తుంటుంది కూడా. కానీ మోచెయ్యి ఏం మోస్తుంది? కావిడి మోసేది భుజం. కట్టెల మోపు మోసేది నెత్తి. బిందె మోసేది నడుం. మోచేతికి ఇందులో పనేమీ లేదు. ఒకే 'మో' రెండు మాటల్లో ఉన్నప్పుడు ఒక్కదానికే అతికే అర్థం చెబితే చెల్లదు. మోపు మాత్రం నిజంగానే మోయడం లోంచి పుట్టింది, దాన్ని పక్కన పెట్టేయండి.

ఇంకో ఊహ కూడా వింటుంటాం, 'ముందు కాలు' అరిగిపోయి మోకాలు అయిందని. దీన్ని కొట్టేయడం ఇంకా తేలిక. ముందు అనే అర్థమున్న 'మున్' వచ్చి చెయ్యితో కలిస్తే ఏమవుతుందో తెలుగులోనే ఉంది, ముంజెయ్యి. ముంజేతి కంకణానికి అద్దమెందుకు అంటాం కదా, అదే. కాలితో కలిస్తే ముంగాలు. ఎద్దుకి ముంగాళ్లు ఉంటాయి. నకారం సున్నాగా నిలబడింది, దాని పక్కన చ కాస్తా జ అయింది, క కాస్తా గ అయింది. మోచెయ్యిలో సున్నా లేదు, చ చగానే ఉంది. కాబట్టి అది వేరే మాట.

ఇలాంటి చోట తెలుగు ఒక్కదాన్నే ఎంత తిరగేసినా లాభం లేదు. పక్కింటి తలుపు తట్టాలి.

తమిళంలో మోకాలు ముఴంకాల్. మోచెయ్యి ముఴంకై. మూర ముఴం. పాత కన్నడంలో మోకాలు మొఴకాల్, ఇప్పుడు మొణకాలు, మోచెయ్యి మొణకై, మూర మొళ. మలయాళంలో కూడా మూరని ముఴం అనే అంటారు. తమిళుడికి అసలు ఈ ప్రశ్నే రాదు, మోకాలి పేరులో మూర పైకే కనిపిస్తోంది. తమిళంలో మధ్యలో ఉన్న ఆ సున్నా ముఴం చివరి మకారమే, కకారం పక్కన అలా మారింది. మన మూరకి చివర మకారం లేదు, అందుకే మన మోకాలులోనూ సున్నా లేదు. మరి తమిళుడికి కళ్లెదుట కనిపించేది మనకెందుకు కనిపించదంటే, మధ్యలో ఉన్న అక్షరం ఒకటి తెలుగులో చచ్చిపోయింది.

ఆ అక్షరం ఴ. మీ ఫోన్లో ఇది ఖాళీ డబ్బాలా కనిపిస్తే ఫోన్ పాడైందని టెన్షన్ పడకండి. తెలుగు యూనికోడ్‌లో దీన్ని చేర్చింది 2014లో, అన్ని ఫాంట్లలోనూ ఉండదు. నాలుకని వెనక్కి మడిచి, అంగిట్లో ఎక్కడా తాకించకుండా పలకాలి. తమిళ్ అన్న పేరుకి చివర తమిళులు పలికేది ఇదే, మనం దాన్ని ళ చేసి సరిపెట్టుకుంటున్నాం. తెలుగులోనూ ఇది ఒకప్పుడు ఉండేది. రాయలసీమలో రేనాటి చోళుల కాలం నాటి శాసనాల్లో, అంటే సుమారు 6 నుంచి 8 శతాబ్దాల మధ్య, దీనికి విడిగా ఒక గుర్తు చెక్కారు. 11వ శతాబ్దంలో నన్నయ భారతం మొదలుపెట్టేనాటికి అది లేదు. బండి ఱకి ఉన్నపాటి అదృష్టం కూడా దీనికి లేకపోయింది, ఛందస్సు పాఠంలో కూడా దీని పేరెత్తరు.

అక్షరం పోయినా అది ఉన్న మాటలు పోవు కదా. ఒక్కో మాటలో అది ఒక్కో రూపం ఎత్తింది. చాలాచోట్ల డ అయింది. తమిళ కోఴి మనకి కోడి, ఏఴు ఏడు, చోఴ చోడ. కొన్నిచోట్ల ర అయింది. పుఴు మనకి పురుగు. ఇంకో రకం కూడా ఉంది, మనకి కావలసింది అదే. సందులోంచి చొరబడడాన్ని తమిళంలో నుఴై అంటారు, తెలుగులో దూరు. మొదట్లో న పోయి ద ఎందుకొచ్చిందన్నది పెద్ద కథ, ఇక్కడ వద్దు. తర్వాత జరిగింది చూడండి. ఉ సాగి ఊ అయింది, ఴ ర అయింది. ముఴం మూర అవడం కూడా అచ్చంగా ఇంతే.

మోకాలులో మాత్రం ఇంకో అడుగు పడింది. కన్నడంలో లాగే ము ముందు మొ అయింది. తర్వాత రెండు అచ్చుల మధ్య ఇరుక్కున్న ఴ పూర్తిగా కరిగిపోయింది. అది వదిలిన చోటుని పక్కనున్న అచ్చు సాగి ఆక్రమించుకుంది, మొ కాస్తా మో అయింది. ఇది నేను అల్లి చెబుతున్నది కాదు, తెలుగుకి అలవాటైన పనే. ఋజువు మీ ప్రశ్నలోనే ఉంది. సంస్కృత ముఖం తెలుగులో మొగము అయింది. ఆ మొగములో గ కరిగి, మొ సాగి, మోము అయింది. అంటే మోములో 'మో', మోకాలులో 'మో' పుట్టిన తీరు ఒకటే, పుట్టిల్లు మాత్రం వేరు. ఒకటి సంస్కృతం ఇంటిది, ఇంకోటి ద్రావిడం ఇంటిది.

కై చెయ్యి ఎలా అయిందని కూడా ఎవరో అడుగుతారు, రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఇ, ఎ లాంటి అచ్చుల ముందు పాత క తెలుగులో చ అయింది. కన్నడిగులు కివి అంటే మనం చెవి అంటాం. వాళ్లు కెడు అంటే మనం చెడు అంటాం. చెయ్యి కూడా ఆ వరసే. మోకాలులో కాలు అలా మారకపోవడానికి కారణం, అక్కడ క పక్కనున్నది ఆ.

ఇప్పుడు మూర దగ్గరికి వద్దాం, ఇది నాకిష్టమైన భాగం. పైడితల్లమ్మ సిరిమాను పండగ రోజుల్లో సాయంత్రం గంటస్తంభం వైపు వెళ్లి పూలమ్మే ఆవిడ చెయ్యి గమనించండి. దండ కొసని నడిమి వేలి చివర ఆనించి, చెయ్యి మడిచి, దండని ముంజేతి పొడవునా మోచేతి మొన దాకా లాగుతుంది. అక్కడికి ఒక మూర. రెండో మూరకి మోచేతి దగ్గర పట్టుకున్న చోటునే వేలి మీదికి తెచ్చుకుంటుంది. బేరమాడేవాళ్లు "ఏటమ్మా, పొట్టిగా కొలిసీసినావు" అంటారు. ఆవిడ దండ మీంచి చూపు తియ్యకుండానే "నా సెయ్యే పొట్టి బావూ, నానేటి సేసీది" అంటుంది. మీటరు బద్ద వచ్చి ఎన్నాళ్లయినా మల్లెపూల దగ్గర మాత్రం ఆవిడ చెయ్యే కొలబద్ద. తమిళనాడులో ముఴం లెక్కన, కర్ణాటకలో మొళ లెక్కన అమ్మేదీ ఈ పూలే.

పాత లెక్క ప్రకారం, వేలి వెడల్పు ఒక అంగుళం అనుకుంటే, 12 అంగుళాలు జాన, రెండు జానలు మూర, నాలుగు మూరలు బార. ఇప్పటి ఇంచీల్లో మూర ఇంచుమించు 18. కళింగపట్నం, భావనపాడు వైపు సముద్రం మీద వేటకెళ్లేవాళ్లు నీళ్ల లోతు బారల్లోనే చెప్పుకుంటారు. బట్టల దగ్గర మూర ఇంకా బతికే ఉంది. పొందూరులో ఇప్పటికీ వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వి, ఆ సన్న నూలుతో నేసే పంచెలు ఉన్నాయి కదా, వాటిని అడిగేటప్పుడు పెద్దవాళ్లు ఎనిమిది మూరల పంచె అంటారు. ఎనిమిది మూరలంటే నాలుగు గజాలు, మూడున్నర మీటర్లు దాటుతుంది. తమిళుల 'ఎట్టు ముఴ వేట్టి' కూడా అంతే పొడుగు.

పూలావిడ చెయ్యి ఎందుకు చూడమన్నానంటే, చెయ్యి వంచకుండా మూర కొలవడం కుదరదు. చాచిన చేతిలో మూర ఎక్కడ ఆగుతుందో తెలీదు. వంగినప్పుడు పైకొచ్చే ఆ ఎముక మొనే హద్దు. అందుకే కొలతకీ కీలుకీ ఒకటే పేరు రావడం మన దగ్గరే కాదు, వేరే భాషల్లోనూ జరిగింది. సంస్కృతంలో అరత్ని అంటే మోచెయ్యి, అరత్ని అంటే మూర కూడా. లాటిన్‌లో క్యూబిటం అంటే మోచెయ్యి, దాన్నుంచే క్యూబిట్ అనే కొలత వచ్చింది. ఇంగ్లీషు ఎల్బోలో మొదటి సగం ముంజేతి పేరు, ఎల్ అనే పాత బట్టల కొలత అదే. రెండో సగం వంపు. ఈ భాషలవాళ్లు తెలుగువాళ్లని చూసి నేర్చుకోలేదు, తెలుగువాళ్లు వాళ్లని చూసీ నేర్చుకోలేదు. చెయ్యి అందరికీ ఒకేలా వంగుతుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. కొలత ముందా, కీలు ముందా? ముఴం అంటే మూర కాబట్టి ముఴంకై అంటే 'మూర చెయ్యి', మూర కొలిచే చెయ్యి అని సర్దుకోవచ్చు. చాలామంది తమిళ మిత్రులు అలాగే చెబుతారు. నేను ఒప్పుకోను. చేతికి ఆ మాట సరిపోతుంది గానీ, మోకాలితో పూలు కొలిచేవాళ్లని ఎవరినైనా చూశారా? కొలతే ముందైతే కాలి పేరులోకి రావలసిన పని దానికేముంది? కీలు ముందు అనుకుంటే రెండూ కుదురుతాయి. కాలు వంగే చోటు ఒకటి, చెయ్యి వంగే చోటు ఒకటి, చెయ్యి వంగే చోటు దాకా పొడవు మూర. దీనికి బలం తమిళంలోనే ఉంది. తమిళంలో మొఴి అంటే భాష అని అందరికీ తెలుసు. అదే పలుకుబడితో ఇంకో మొఴి ఉంది, దానికి అర్థం ఒంట్లో కీలు, చెరుకు కణుపు. వేలి కణుపుని విరల్ మొఴి అంటారు. ద్రావిడ భాషల మాటలన్నిటినీ వరసపెట్టి పోల్చిన బరో, ఎమెనోల నిఘంటువు 1961లో వచ్చింది, పెంచిన కూర్పు 1984లో. ఇలాంటి చుట్టరికాలు వెతికేవాళ్లు మొదట తెరిచేది దాన్నే. నాకూ ఆ అలవాటు పట్టుకుని చాలా ఏళ్లయింది.

మన వైపు మాటలు చెప్పకపోతే ఈ జవాబు సగమే. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో పెద్దవాళ్ల నోట మోకాలు కంటే ముడుకు ఎక్కువ వినిపిస్తుంది. "ముడుకులు పట్టేసినాయి బాబూ, లెగలేకపోతన్నాను" అనే ముసలమ్మ ప్రతి వీధిలోనూ ఉంటుంది. ఈ ముడుకు మూర కుటుంబం కాదు, ముడి, ముడత, ముడుచు అనే మాటల సరసన చేరేది. ఇంకో మాట మండి. ఒక మోకాలు నేలకి ఆనించి కూర్చోవడం మండి వేయడం. కన్నడంలో మోకాలికి మామూలుగా వాడే మాట కూడా మండే. పార్వతీపురం మన్యం వైపు కువి అనే ద్రావిడ భాష మాట్లాడేవాళ్లు మోకాలిని మెండ అంటారు, అది ఈ మండికి చుట్టం. అంటే ఒక్క కీలుకి మన చుట్టుపక్కలే మూడు పేర్లున్నాయి. మూడూ ద్రావిడ మాటలే, మూడింటికీ మూలాలు వేరు.

ఇచ్ఛాపురం, సోంపేట దాటితే ఒడియా కలుస్తుంది. అక్కడ మోకాలు ఆంఠు, మోచెయ్యి కహుణి, మూర హాత. హాత అంటే వాళ్లకి చెయ్యే. అంటే వాళ్లు కొలతకి మొత్తం చేతి పేరు పెట్టారు, మనం చెయ్యి వంగే చోటు పేరు పెట్టాం. ఒకే సంతలో ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఒకే పొడవు కొలుస్తారు. సీతంపేట కొండల్లో సవర భాష మాట మాత్రం ఈ లెక్కలోకి రాదు, అది ద్రావిడం కాదు, ముండా అనే వేరే భాషా కుటుంబం. సవర మీద 1931లోనే వ్యాకరణం అచ్చువేసిన గిడుగు వెంకట రామమూర్తి మన వైపు మనిషే. 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. శ్రీముఖలింగం గుళ్లో ఉన్న శాసనాలు చదవడం ఎవరి దగ్గరా పాఠం చెప్పించుకోకుండా సొంతంగా నేర్చుకున్నారు. మాట పుట్టుక తెలియాలంటే పుస్తకంలో ఉన్నదెంత ముఖ్యమో జనం నోట ఉన్నదీ అంతే ముఖ్యమని ఆయన పనిని చూస్తే తెలుస్తుంది. ముడుకుని 'పల్లెటూరి మాట' అని తీసిపారేసే కుర్రాళ్లకి నేనీ సంగతి చెబుతుంటాను.

అడగకపోయినా ఒకటి చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ పొరపడేవాళ్లు ఎక్కువ. సంస్కృతంలో మోకాలు జాను. ఆజానుబాహుడు అంటే మోకాళ్ల దాకా చేతులున్నవాడు. మన కొలత జానకీ ఈ జానుకీ సంబంధం లేదు. బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా చాచితే వచ్చే జానని తమిళంలో చాణ్ అంటారు, కన్నడంలో గేణు. జానెడు పొట్ట కోసం అనేటప్పుడు ఉన్నది ఈ జాన. ఆజానుబాహుడిని 'జానెడు జానెడు చేతులవాడు' అని పరీక్ష పేపర్లో రాసిన పిల్లలున్నారు. పాపం, అలాంటివాడికి మోచేతి దాకా కూడా చెయ్యి ఉండదు.

మిగిలింది వ్యాకరణం ముక్క ఒకటి. కాలుకి ఇంకో మాట తగిలితే కాలి అవుతుంది. కాలి వేలు, కాలి నడక అంటాం, కాటి వేలు అనం. మోకాలు దగ్గరికి వచ్చేసరికి మోకాటి లోతు నీళ్లు అంటాం. వంశధార, నాగావళి పొంగినప్పుడు వీధుల్లో మోకాటి లోతు నీళ్లే. ఈ 'టి' రోలుకి వస్తుంది, రోటి పచ్చడి. వాకిలికి వస్తుంది, వాకిటి ముగ్గు. రోకలికి వస్తుంది, రోకటి పోటు. కాలుకి రానిది మోకాలుకి ఎందుకొచ్చింది? నా లెక్కలో, జనం ఆ మాటని 'మో' ప్లస్ 'కాలు' అని విడదీసి చూడడం ఎప్పుడో మానేశారు. రోకలి, వాకిలి లాగే అదీ విడదీయరాని ఒకే మాట అయిపోయింది, అందుకే వాటి దారే పట్టింది. మోకరిల్లడం అన్నప్పుడు కాలు మరీ మసకబారిపోయింది, క ఒక్కటి మిగిలింది. చెయ్యి మాత్రం అలా తప్పిపోలేదు. చేతి అంటాం, మోచేతి అంటాం. అరచేతిలో బెల్లం పెట్టి మోచెయ్యి నాకించేవాళ్లని, ఒకరి మోచేతి నీళ్లు తాగేవాళ్లని చెప్పేటప్పుడు ఆ మాట ఎక్కడా చెక్కుచెదరలేదు.

ఈమధ్య పేపర్లు, టీవీలు మోకాలి లోతు అనే రాస్తున్నాయి. అదీ తప్పు కాదు, మోకాటి లోతూ తప్పు కాదు. మీ పాప మోకాటి అని రాస్తే ఎవరైనా ఎర్రసిరాతో కొట్టేస్తే, రోటి పచ్చడి సంగతి అడగమనండి.